ఆగని ఓడకు తాడు నిచ్చెన

రేవులోకి వచ్చే ప్రతి పెద్ద ఓడనూ దారి తెలిసిన ఒక మనిషి లోపలికి తీసుకురావాలి. ఆ మనిషి ఓడ ఎక్కే దారి మాత్రం ఇప్పటికీ కొబ్బరి చెట్టు ఎత్తున వేలాడే ఒక తాడు నిచ్చెనే.

విశాఖ బీచ్ రోడ్డులో గోడ మీద కూర్చుని గాలి పీల్చుకునే వాళ్లకి ఓడలు కొత్త కాదు. దూరంగా లంగరు వేసుకుని, వంతు కోసం ఎదురుచూస్తూ ఒక్కోసారి రోజుల తరబడి అక్కడే ఉంటాయి. బొగ్గు, ఇనుప ఖనిజం, వంట నూనె, కంటెయినర్లు, ఏదో ఒకటి వేల టన్నుల లెక్కన కడుపులో పెట్టుకుని ఉంటాయి. వంతు వచ్చాక మాత్రం వాటంతట అవి రేవులోకి రావు. చీకట్లో ఆ వైపు చూస్తూ కూర్చుంటే ఎప్పుడో ఒక చిన్న పడవ రేవు నోట్లోంచి బయటికి పోవడం కనిపిస్తుంది. పైన తెల్ల దీపం, దాని కింద ఎర్ర దీపం. ప్రపంచంలో ఏ సముద్రంలోనైనా సరే, ఆ వరసలో ఆ రెండు దీపాలు కనిపిస్తే అది పైలట్ పడవే.

అందులో వెళ్లే పైలట్ ఓడకు కొత్తవాడు, నీళ్లకు పాతవాడు. ఓడ కెప్టెన్‌కు తన ఓడ సంగతి తెలుసు. ఏ పోటుకి ఎంత లోతు ఉంటుందో, ఏ మలుపులో ప్రవాహం ఎటు లాగుతుందో, ఓడను లాగే టగ్గు పడవలు ఎక్కడ కట్టాలో, ఎక్కడ వేగం తగ్గిస్తే ఓడ చుక్కాని మాట వినడం మానేస్తుందో పైలట్‌కి తెలుసు. విశాఖ లోపలి రేవుకు వెళ్లే దారినే చూడండి. ఓ పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇంకో పక్క చర్చి, దర్గా, వెంకటేశ్వరుడి గుడి ఉన్న మూడు గుట్టలు. మధ్యలో సన్నటి కాలువ. అది దాటాక ఓడను తిప్పుకోవడానికి ఒక గుండ్రటి మడుగు, అక్కడి నుంచి మూడు పాయలు. ఇంత ఇరుకులో పెద్ద ఓడ తప్పటడుగు వేస్తే సరిదిద్దుకునే చోటు ఉండదు. అందుకే 1908 నాటి రేవుల చట్టమే 200 టన్నులు, ఆపైన ఉన్న ఓడ పైలట్ లేకుండా ఇలాంటి రేవుల్లో కదలకూడదని కట్టడి పెట్టింది. 2025లో ఆ చట్టం పోయి కొత్తది వచ్చినా పైలట్ అవసరం మాత్రం పోలేదు.

పైలట్ ఎక్కాక కూడా ఓడకు అధికారి కెప్టెనే. పైలట్ చెప్పేది కాగితం మీద సలహా. పనామా కాలువలో మాత్రం వ్యవహారం వేరు, అక్కడ ఓడ నడక పైలట్ చేతికే వెళ్తుంది. అయితే సలహా అన్న మాట చూసి తక్కువ అంచనా వేయకూడదు. 2024 మార్చి 26 తెల్లవారుజామున అమెరికాలోని బాల్టిమోర్‌లో డాలీ అనే కంటెయినర్ ఓడకు కరెంటు పోయి వంతెన మీదికి దూసుకుపోతుంటే, వంతెన మీద వాహనాలు ఆపించమని కబురు పెట్టింది ఓడలో ఉన్న పైలట్లే. వంతెన కూలింది, మరమ్మతు పనిలో ఉన్న ఆరుగురు కూలీలు చనిపోయారు. ఆ కబురు వెళ్లకపోతే ఆ సంఖ్య ఇంకెంత ఉండేదో.

ఇంత బాధ్యత ఉన్న మనిషిని ఓడ ఎక్కించే పద్ధతి చూస్తే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది.

కెరటం కొసన ఒక్క అడుగు

ముందు అందరూ అడిగే ప్రశ్న: ఓడను ఆపేసి ఎక్కించుకోవచ్చు కదా? ఆపకూడదు. కదలని ఓడ చుక్కానికి లొంగదు. గాలికీ అలకీ అడ్డం తిరిగి అటూ ఇటూ పొర్లడం మొదలుపెడుతుంది. అందుకని ఓడ ఆరు నుంచి ఎనిమిది నాట్ల వేగంతో, అంటే గంటకు పదకొండు నుంచి పదిహేను కిలోమీటర్లతో, నడుస్తూనే ఉంటుంది. కెప్టెన్ ఓడను కాస్త తిప్పి, గాలి కొట్టే వైపు ఒక పక్కను అడ్డం పెడతాడు. రెండో పక్కన గాలి మరుగు ఏర్పడుతుంది. అక్కడ నీళ్లు కొంచెం నెమ్మదిస్తాయి. నిచ్చెన ఆ పక్కనే దించుతారు.

ఇది చెప్పినంత సులువు కాదు. గాలి ఒక దిక్కు నుంచి, ఎక్కడో దూరంగా పుట్టిన పొంగు ఇంకో దిక్కు నుంచి వస్తుంటే ఒక ఓడ రెంటికీ అడ్డం పడలేదు. నైరుతి రుతుపవనాల కాలంలో మన తీరం పొడుగునా ఈ తంటా ఉంటుంది.

పైలట్ పడవ ఓడ పక్కకి చేరి, అదే వేగంతో గోడకు ఆనుకుని పరుగెడుతుంది. నడిచే ఓడ తన పక్కనున్న నీళ్లను లాక్కుంటూ పోతుంది కాబట్టి పడవ కూడా గోడ వైపు లాగబడుతుంది. పడవ నడిపే సరంగు ఒక చేత్తో ఇంజనూ ఇంకో చేత్తో చుక్కానీ చూసుకుంటూ ఆ లాగుడుకి ఎదురు పట్టి ఉంచాలి. పైలట్ పడవ ముందు భాగానికి వచ్చి రెయిలింగ్ పట్టుకుని నిలబడతాడు. ఒంటి మీద నీళ్లలో పడితే దానంతటదే ఉబ్బే లైఫ్ జాకెట్, దానికి మెరిసే దీపం, జాడ చెప్పే చిన్న బీకన్. కాళ్లకు జారని బూట్లు. లాప్‌టాప్, పత్రాలు ఉన్న సంచి భుజాన వేసుకోడు. పైనుంచి దించిన తాడుకి కట్టి ముందే పంపేస్తాడు. ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

ఇప్పుడు అసలు ఘట్టం. పడవ కెరటంతో పాటు రెండు మూడు మీటర్లు పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. పడవ కెరటం అడుగున ఉన్నప్పుడు నిచ్చెన అందుకుంటే, తరవాతి కెరటం పడవను పైకి లేపి, ఓడ గోడకీ పడవకీ మధ్య కాళ్లను నలిపేస్తుంది. కాబట్టి పడవ కెరటం కొసకు చేరి, ఇక దిగబోతున్న ఆ క్షణంలోనే అడుగు వేయాలి. వెంట ఉన్న డెక్ మనిషి కళ్లు నీళ్ల మీదే ఉంటాయి. “ఇప్పుడొద్దు సార్... ఆగండి, ఇంకోటి వస్తోంది... ఆఁ, ఎక్కండి!” అన్న మాట పూర్తయ్యేలోపు పైలట్ నిచ్చెన మీద ఉంటాడు, పడవ అతని కాళ్ల కింద నుంచి దిగిపోతుంది. ఆ వెంటనే నాలుగైదు మెట్లు గబగబా ఎక్కేయాలి, మళ్లీ లేచే పడవకు అందకుండా. సరంగు పడవను పక్కకి తీసేస్తాడు. ఒకవేళ పైనుంచి పడితే పడవ డెక్ మీద కాక నీళ్లలో పడాలని.

దిగడం ఎక్కడం కంటే కష్టమని ఈ పనిలో ఉన్నవాళ్లు చెబుతారు. అడుగు పెట్టే చోటు వెనక ఉంటుంది, కిందా మీదా అవుతుంటుంది, కంటికి సరిగ్గా ఆనదు. ఆ కొన్ని క్షణాలూ డెక్ మనిషి మాటే నమ్ముకోవాలి.

తాడు ఎంత లావు, మెట్టు ఎంత వెడల్పు

ఈ నిచ్చెన గురించి ప్రపంచ దేశాలన్నీ కూర్చుని రాసుకున్న నియమాలు ఉన్నాయి. సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన సోలాస్ ఒప్పందంలో అయిదో అధ్యాయం, 23వ నిబంధన అంతా దీని గురించే. నిచ్చెన మీద పైలట్ ఎక్కే ఎత్తు తొమ్మిది మీటర్లు దాటకూడదు. అదే మూడంతస్తుల మేడ ఎత్తు. సరుకు లేని ఓడ నీటి మీద ఇంకా ఎత్తుగా తేలుతుంది కాబట్టి డెక్ అంతకంటే పైన ఉంటే, ఓడ పక్కన ఏటవాలుగా దించే గ్యాంగ్‌వేనీ, తాడు నిచ్చెననీ కలిపి వాడాలి. కింది భాగం నిచ్చెన మీద ఎక్కి, మధ్యలో గ్యాంగ్‌వే మీదికి మారాలి. గ్యాంగ్‌వే వాలు 45 డిగ్రీలు మించకూడదు. దాని కింది అరుగు నీటికి కనీసం అయిదు మీటర్ల పైన ఉండాలి.

నిచ్చెన లెక్క ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. మెట్ల మధ్య ఎడం 310 నుంచి 350 మిల్లీమీటర్లు. రెండు పక్క తాళ్ల మధ్య కనీసం 400 మిల్లీమీటర్లు. మెట్టు వెడల్పు కనీసం 115, మందం 25. తాడు 18 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. కింది నాలుగు మెట్లు రబ్బరువి కావచ్చు, పడవ తగిలినా పగలకుండా. అయిదో మెట్టు దగ్గర, ఆపైన ప్రతి తొమ్మిది మెట్ల లోపు ఒక పొడవాటి అడ్డపట్టీ ఉండాలి. ఓడ ఊగినప్పుడు నిచ్చెన మెలితిరిగి మనిషిని గోడకేసి తిప్పి కొట్టకుండా అడ్డుకునేది అదే. దాని పొడవు 1.8 మీటర్లకు తగ్గకూడదు. పైన డెక్ దగ్గర పట్టుకోడానికి రెండు గట్టి కమ్మీలు. పక్కన వెలుగుతో ఉన్న లైఫ్‌బాయ్, విసిరే తాడు. రేడియోలో ఓడ నడిపే గది అయిన బ్రిడ్జితో మాట్లాడుతూ ఒక ఆఫీసర్ అక్కడే నిలబడి ఉండాలి. రాత్రయితే దీపం నిచ్చెన మీద పడాలి, ఎక్కే మనిషి కళ్లలో పడకూడదు.

మెట్లకు రంగు వేయడం కూడా నిషేధమే. వినగానే చాదస్తం అనిపిస్తుంది కానీ రంగు కింద చెక్క పగులు కనిపించదు, పైగా తడిస్తే జారుతుంది.

ఇన్ని నియమాలు ఉన్నాక ప్రమాదాలు ఎందుకు? లండన్ కేంద్రంగా అంతర్జాతీయ పైలట్ల సంఘం ఒకటి పనిచేస్తోంది. అది ఏటా కొన్నాళ్లపాటు సభ్యుల చేత తాము ఎక్కిన నిచ్చెనలన్నీ లెక్క రాయిస్తుంది. ఏ ఏడాది చూసినా పదింటిలో ఒకటికి పైనే నిబంధనకు విరుద్ధంగా ఉన్నట్టు తేలుతోంది. రోజూ చేసే పనిలో పది సార్లకు ఒకసారి పనిముట్టే చెడ్డదైతే ఏ కార్ఖానాలో అయినా సమ్మె జరిగి ఉండేది.

ఒక ముడి, ఒక తలుపు, ఒక లాగుడు తాడు

తప్పులు చాలావరకు చిన్నవిగా కనిపిస్తాయి. ఉదాహరణకి, నిచ్చెన మొత్తం దించాల్సిన పని లేనప్పుడు మధ్యలో ఎక్కడో డెక్‌కి బిగించాలి. సరైన పద్ధతి, పక్క తాళ్లకు వేరే గట్టి తాడుతో జారకుండా బిగుసుకునే ముడి వేసి, దాన్ని డెక్ మీద ఉన్న కొక్కేనికి కట్టడం. బరువంతా తాడు మీద పడుతుంది. తొందరలో ఉన్నవాళ్లు ఏం చేస్తారంటే, ఒక ఇనుప షాకిల్ తీసుకుని పక్క తాడు చుట్టూ తగిలించి, మెట్టు కిందికి వచ్చేలా వదిలేస్తారు. లేదా మెట్ల కింద అడ్డంగా ఒక ఇనుప కమ్మీ పెడతారు. అప్పుడు మనిషి బరువు, నిచ్చెన బరువు మెట్టును నిలబెట్టే చిన్న బిళ్లల మీద, సన్నటి కట్టు మీద పడతాయి. అవి బరువు మోయడానికి చేసినవి కావు. అప్పటికి నిలుస్తాయి. ఏదో ఒక రోజు జారిపోతాయి.

ఇంకోటి నిచ్చెనను పైకి లాగే తాడు. దాన్ని చివరి అడ్డపట్టీ కంటే పైన కట్టి, ఓడ ముందు వైపుకి తీసుకెళ్లాలి. నిచ్చెన అడుగుకంటా కట్టి వెనక్కి వేలాడదీస్తే ఆ మెలిక పైలట్ పడవకు తగులుకుంటుంది. పడవ దిగే ఒక్క దెబ్బతో నిచ్చెన, దాని మీద ఉన్న మనిషి కిందికి లాగబడతారు.

అన్నిటికంటే మోసకరమైనది గ్యాంగ్‌వే కింది అరుగులో ఉండే తలుపు. పెద్ద కంటెయినర్ ఓడల్లో ఇది ఎక్కువ. నిచ్చెన ఆ తలుపు కన్నంలోంచి పైకి వచ్చి, చేతి పట్టీ ఎత్తు దాకా సాగాలి, ఓడ గోడకు కట్టి ఉండాలి. అప్పుడు పైలట్ నిచ్చెన పట్టుకునే నిలువుగా కన్నంలోంచి పైకి వచ్చి, తరవాత పక్కకి అడుగు వేస్తాడు. కొన్ని ఓడల్లో నిచ్చెనను అరుగు అడుగు నుంచే వేలాడదీస్తారు. పైకి చేరాక పట్టుకోడానికి ఏమీ ఉండదు. మోచేతుల మీద ఒళ్లంతా ఈడ్చుకుని, మెలికలు తిరిగి పైకి రావాలి. నీటికి ఆరేడు మీటర్ల పైన, యాభై ఏళ్ల మనిషి, ఊగే అరుగు మీద.

2019 డిసెంబర్ 30న న్యూయార్క్ రేవు ముంగిట ఒక కంటెయినర్ ఓడ ఎక్కుతూ పడి ఒక సీనియర్ పైలట్ చనిపోయారు. దశాబ్దాల అనుభవం ఉన్న మనిషి. అక్కడి పైలట్ల సంఘం వేలెత్తి చూపించింది ఇలాంటి తలుపు ఏర్పాటునే. ఎనిమిది నెలలు తిరక్కుండా, 2020 ఆగస్టులో, అదే సంఘానికి చెందిన మరో పైలట్ ఇంకో ఓడ ఎక్కుతూ పడి మరణించారు. తలుపు ఏర్పాటు ఎలా ఉండాలో నియమాల్లో అప్పటికే ఉంది. 2012 జూలై తరవాత అమర్చిన వాటికి మరింత స్పష్టంగా ఉంది. పాత ఓడలకు పాత నియమం అన్న మినహాయింపు ఈ రంగానికి అంటుకున్న జాడ్యం. ఓడ ఆయుష్షు పాతికేళ్లు. అన్నేళ్లూ ఆ తప్పుడు అరుగు రేవు రేవునా తిరుగుతూ ఉంటుంది.

ఇక తాడు సంగతి. మనీలా నార తాడు ఎండకీ ఉప్పుకీ లోపల్లోపల చివుకుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది. మెట్టు కింద బిళ్ల బిగించిన చోట తడి ఆరదు, చివుకు అక్కడే మొదలవుతుంది. నిచ్చెనను నీడలో, గాలి తగిలే చోట ఆరబెట్టి దాచాలి. చాలా ఓడల్లో అది డెక్ మీదే టార్పాలిన్ కింద పడి ఉంటుంది. నిచ్చెనకు సర్టిఫికెట్ ఉంటుంది, అది నిజమే. సర్టిఫికెట్ ఫైల్లో ఉంటుంది, చివుకు తాడులో ఉంటుంది.

ఓడ యజమానులు కోట్లు పోసి ఉపగ్రహ నావిగేషన్ కొంటారు. నిచ్చెన దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ చౌకగా దొరుకుతుందా అని చూస్తారు. ఓడలో దాన్ని కట్టే పని చాలాసార్లు జీతం తక్కువ, నిద్ర ఇంకా తక్కువ ఉన్న కుర్ర నావికుడిది. తాను కట్టిన నిచ్చెన మీద తాను ఎక్కడు కాబట్టి అతనికి దాని లోపం తెలిసే వీలు కూడా తక్కువ. నా ఉద్దేశంలో, శిక్షణలో ఉన్న ప్రతి క్యాడెట్ చేతా ఒకసారైనా కింది నుంచి పైకి ఎక్కించాలి.

మసూలా పడవల నాటి నుంచి

నడిసముద్రంలో ఓడకీ పడవకీ మధ్య మనుషులు మారడం మన తీరానికి పాత విద్యే. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ రాకతో విశాఖ రేవు తెరుచుకుంది. అంతకుముందు కోరమాండల్ తీరంలో చాలా ఊళ్లకు రేవన్నది పేరుకే. ఓడ దూరంగా లంగరు వేసుకుని ఉండేది. సరుకూ జనమూ ఒడ్డుకి రావాలంటే మధ్యలో విరుచుకుపడే అలలు దాటాలి. దానికి మసూలా పడవలు ఉండేవి. మేకు అనేది వాడకుండా పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్లు. ఇసుక తగిలినా, అల కొట్టినా పగలకుండా వంగేవి. ఆ అలల లెక్క మన బెస్తవాళ్లకి ఒంటబట్టిన విద్య. ఎన్నో కెరటం పెద్దదో చూసి, అది దాటాక తెడ్డు వేసేవాళ్లు. ఇవాళ పైలట్ పడవ మీద నిలబడి “ఇప్పుడొద్దు, ఆగండి” అనే మనిషిది అదే చూపు. కాకినాడలో ఇప్పటికీ ఓడలు బయట లంగరు వేసుకుంటే బార్జిలు వెళ్లి సరుకు ఎక్కించే పద్ధతి ఉంది.

పైలట్ల చరిత్రకి మాత్రం మన దేశంలో పెద్ద పేరు హుగ్లీదే. కోల్‌కతా వెళ్లే ఓడకు పైలట్ తోడు రెండు వందల కిలోమీటర్లకు పైన సాగుతుంది, సముద్రమూ నదీ కలిపి. ఇసుక తిన్నెలు రోజుకో చోటికి జరిగే ఆ నదిలో ఈస్టిండియా కంపెనీ కాలం నుంచే ప్రత్యేకంగా పైలట్ల దళం ఉండేది. నది ముఖద్వారానికి అవతల తెరచాప ఓడలు కాపు కాసేవి, వాటిలో పైలట్లు ఉండేవాళ్లు. వచ్చిన ఓడ దగ్గరికి తెడ్ల పడవ మీద వెళ్లి ఎక్కేవాళ్లు. ఆ దళానికి వారసులైన నేటి కోల్‌కతా పైలట్లలో 2018లో రేష్మా నిలోఫర్ నాహా చేరారు, దేశంలో తొలి మహిళా మెరైన్ పైలట్‌గా. ఆమె చెన్నై అమ్మాయి.

మూడో నంబరు ఎగరేశాక

రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికలు తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఒకటో నంబరు, మూడో నంబరు అని రేడియోలో వింటూ పెరిగిన తీరం ఇది. తుఫాను మీదికి వస్తోందంటే గట్టున కట్టి ఉన్న పెద్ద ఓడలు రేవుకీ, తమకీ ప్రమాదమే. వాటిని సముద్రంలోకి పంపేస్తారు. విన్నవాళ్లకి విడ్డూరంగా ఉంటుంది కానీ ఓడకు విశాలమైన లోతు నీళ్లే క్షేమం. వాటిని బయటికి తీసుకెళ్లేది ఎవరు? పైలట్లే. ఒకదాని వెనక ఒకటి, సముద్రం పొంగుతుండగా. ప్రతి ఓడా రేవు నోరు దాటాక ఆ పొంగులోనే తాడు నిచ్చెన దిగి పడవలోకి రావాలి. మళ్లీ వెనక్కి వచ్చి ఇంకో ఓడ ఎక్కాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడిన రోజు నగరం చూసిన బీభత్సం మనకి గుర్తే. అలాంటి తుఫాను ముందు రోజుల్లో రేవు ఖాళీ చేయడం అనే పని ఏ వార్తలోనూ ఒక వాక్యానికి మించదు.

దిగడం అసాధ్యమైతే పైలట్ ఆ ఓడలోనే తర్వాతి రేవుకి వెళ్లిపోవాల్సి వస్తుంది. ఇది ప్రపంచమంతటా అప్పుడప్పుడు జరిగేదే. రెండు గంటల పనికని ఇంట్లో చెప్పి వచ్చిన మనిషి, పళ్లు తోముకునే బ్రష్షు కూడా లేకుండా, వేరే రాష్ట్రంలోనో వేరే దేశంలోనో దిగుతాడు. పైలట్లు ఈ కథల్ని నవ్వుతూ చెప్పుకుంటారు. దిగకూడదని తీర్మానించుకున్న రోజు కథలు కాబట్టి నవ్వుతూ చెప్పుకోగలుగుతున్నారు.

హెలికాప్టర్ ఉందిగా

ఉంది. దక్షిణాఫ్రికాలో డర్బన్ రేవు, ఆస్ట్రేలియాలో ఇనుప ఖనిజం ఎగుమతి చేసే పోర్ట్ హెడ్లాండ్, అమెరికా పడమటి తీరాన ఓడల శ్మశానంగా పేరుబడ్డ కొలంబియా నది ముఖద్వారం, ఇవన్నీ పైలట్లను హెలికాప్టర్ మీద పంపుతాయి. కొన్నిచోట్ల ఓడ మీద దిగుతుంది, కొన్నిచోట్ల తీగతో కిందికి దించుతుంది. ఖర్చు ఎక్కువ. దట్టమైన పొగమంచులోనూ, క్రేన్లూ స్తంభాలూ నిండిన డెక్‌ల మీదా దాని పని సాగదు. ముప్పు లేనిదీ కాదు. జర్మనీలో ఎల్బే నది దగ్గర ఇంకో దారి పట్టారు. పొట్ట భాగాన్ని నీళ్ల అడుగున ఉంచి, సన్నటి కాళ్ల మీద డెక్‌ని పైన నిలబెట్టిన స్వాత్ రకం పడవలు కట్టారు. కెరటానికి అవి అంతగా లేవవు. పడవ కుదురుగా ఉన్నా నిచ్చెన మాత్రం అదే నిచ్చెన.

ఒకప్పుడు మోటారుతో పైలట్‌ను పైకి లాగే లిఫ్టు లాంటివి వచ్చాయి. వినడానికి బాగుంది. యంత్రం మధ్యలో మొరాయిస్తే మనిషి ఓడ పక్కన వేలాడుతూ ఉండిపోవడం, తీగ తెగడం వంటి ప్రమాదాల వల్ల వాటిని పూర్తిగా నిషేధించారు. సోలాస్ ఇప్పుడు స్పష్టంగా చెబుతోంది: యాంత్రిక హాయిస్టులు వాడకూడదు. అన్నీ తిరిగి తిరిగి సరిగ్గా కట్టిన తాడు నిచ్చెన దగ్గరికే వచ్చాయి. అది చౌక, తేలిక, కంటితో చూసి పరీక్షించుకోవచ్చు. దాన్ని సరిగ్గా కట్టడం అన్న ఒక్కటే మిగిలి ఉంది.

ఎక్కను అనగలగాలి

అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2025 జూన్‌లో ఈ నియమాలను తిరగరాసింది. 2028 జనవరి 1 నుంచి అమల్లోకి వస్తాయి. వాటిలో నాకు నచ్చింది నిచ్చెనకు వయసు కట్టడం. తయారైన 36 నెలలకో, వాడకంలోకి వచ్చిన 30 నెలలకో, ఏది ముందైతే అప్పుడు తీసేయాలి. తాడు బాగానే ఉందిగా అన్న వాదనకి చోటు లేదు. పాత ఓడలకు పాత నియమం అన్న గోడ కూడా ఈసారి కూలుతోంది.

ఆస్ట్రేలియా అధికారులు చెడ్డ నిచ్చెనలున్న ఓడలను ఆపేస్తున్నారు, కెప్టెన్ల మీద కోర్టుల్లో కేసులు వేస్తున్నారు. జరిమానా పడ్డ ఓడలో ఆ తరవాత నిచ్చెన ఎలా కడతారో చెప్పక్కర్లేదు. మన రేవుల్లోనూ తనిఖీ అధికారులు ఉన్నారు, అధికారాలు ఉన్నాయి. వాళ్ల దృష్టికి వచ్చేది మాత్రం పైలట్ ఫిర్యాదు చేస్తేనే. చీకట్లో అయిదు నిమిషాలు కనిపించి, మళ్లీ డెక్ మీదికి చుట్టేసే వస్తువును రేవు గట్టున నిలబడ్డవాళ్లు ఎలా పట్టుకుంటారు?

కాబట్టి అసలు తనిఖీ జరిగేది పడవ ముందు భాగంలో. పైలట్ టార్చి వేసి చూస్తాడు. మెట్లు అడ్డంగా సమంగా ఉన్నాయా, నిచ్చెన గోడకు ఆనుకుని ఉందా, ఓడ మురుగు నీళ్లు పడే గొట్టం దగ్గర లేదు కదా, లాగుడు తాడు ఎటు పోయింది. చేత్తో రెండు సార్లు గట్టిగా లాగి చూస్తాడు. నచ్చకపోతే రేడియోలో చెబుతాడు: “నిచ్చెన సరిగా లేదు. మళ్లీ కట్టండి.”

ఈ మాట అనడం తేలిక కాదు. వెనకాల పోటు సమయం దాటిపోతుంటుంది, టగ్గులు ఎదురుచూస్తుంటాయి, గట్టు ఖాళీగా ఉంటే గంటగంటకీ నష్టమని రేవు లెక్కలు వేస్తుంటుంది, ఓడ ఏజెంటు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటాడు. పదింటిలో ఒక్కటి చెడ్డదన్న లెక్క తెలిసినా, అందులో ఎన్నింటికి పైలట్లు వెనక్కి తిరిగారు? చాలామంది గొణుక్కుంటూ ఎక్కేసినవే. యాభై ఏళ్లు దాటిన పైలట్ ఒకాయన దీన్ని మొహమాటం అన్నారు నాతో. ఈ మొహమాటం పోవాలంటే రేవు యాజమాన్యం తన పైలట్ పక్కన నిలబడాలి. “ఎక్కలేదేం?” అని అడిగే ముందు “ఫోటో తీశారా?” అని అడగాలి. ఫోటోతో పాటు ఫిర్యాదు అదే రోజు తనిఖీ అధికారికి వెళ్లాలి, తర్వాతి రేవుకీ చేరాలి.

ఓడ ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు గట్టుకు చేరింది, మధ్యలో ఆలస్యం ఎందుకైంది అని నమోదు చేసే కాగితం ఒకటి ప్రతి రాకకీ తయారవుతుంది. ఎవరు డబ్బు కట్టాలో తేలేది దాని మీదే. నిచ్చెన మళ్లీ కట్టించడానికి పోయిన గంటన్నరకి ఆలస్యం కారణం రాసే గడిలో ‘పైలట్ కోసం ఎదురుచూపు’ అని రాసేసుకోవడం ఓడవాళ్లకి అన్నిటికంటే సులువు. పైలట్ ఆ గంటన్నరా నిచ్చెన కిందే, పడవలో తడుస్తూ నిలబడి ఉన్నాడు. ఆ గడిలో ఉన్నది ఉన్నట్టు ‘నిచ్చెన సరిగా లేదు’ అని రాయించే రేవు దగ్గరికి వచ్చే ముందు కెప్టెన్లు నావికుల మేస్త్రి అయిన బోసన్‌ను పిలిచి ముడులు ఇంకోసారి చూడమంటారు.